సమస్య: “సుబ్బరావు కాఁడు సుబ్బరావు” – పూరణలు, చర్చ

నిర్వాహకుడు:
మిత్రులకు నమస్కారం. ఈ వారం సమస్య ఆటవెలదిలో నాలుగో పాదం. ముందు మూడు పాదాలూ మీరు పూరించాలి.

సుబ్బరావు కాఁడు సుబ్బరావు

మనవాళ్లలో ఒకే పేరుతో ఎందరు పెద్దలున్నారో లెక్క తీయబోతే సుబ్బారావు దగ్గరే ఆగిపోయాను. శాస్త్రవేత్త ఉన్నాడు, కవులున్నారు, సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి ఉన్నాడు, రిజర్వు బ్యాంకు గవర్నరు ఉన్నాడు, రామాయణాన్ని తెలుగు చేసిన భక్తుడున్నాడు. ఇంటిపేరు తీసేస్తే అందరూ ఒక్కటే అయిపోతారు. పిల్లలు పరీక్షల్లో ఒకరి ఘనతను ఇంకొకరికి అంటగట్టడం నేను చూస్తూనే ఉన్నాను, చూసిన ప్రతిసారీ బాధేస్తుంది. అందుకే ఈ పాదం ఇచ్చాను. ఛందస్సు కోసం ‘బ్బా’ను ‘బ్బ’ చేశాను.

నియమం ఒక్కటే. ఎవరు ఎవరు కాదో పద్యం చదవగానే తెలియాలి. పేర్ల జాబితా వద్దు, మనిషి చేసిన పని కనబడాలి.

ఏలూరు మిత్రుడు:
నమస్కారమండీ. నా పూరణ.

ఔషధాల వెదకె యల్లాప్రగడవారి
బిడ్డ; యెంకి పాట పేర్చె నొకఁడు;
వేఱు తల్లి కడుపు, వేఱైన దారులు
సుబ్బరావు కాఁడు సుబ్బరావు

నిర్వాహకుడు:
మొదటి పాదం చాలా బాగుంది. ‘ఔ’కు ‘య’తో యతి (పాదం మొదటి అక్షరానికి నడిమి అక్షరంతో పొత్తు) చక్కగా కుదిరింది. ‘యల్లాప్రగడవారి’ అనే పొడుగు మాట రెండు ఇంద్రగణాల్లో సరిగ్గా ఒదిగిపోయింది. నండూరి వారి పేరు చెప్పకుండా ఎంకితో సరిపెట్టడమూ నచ్చింది. ఎంకి అన్నాక నండూరి అని వేరే చెప్పాలా!

కానీ పాటను ‘పేర్చడం’ ఏమిటండీ? ఇటుకలు పేరుస్తాం, పాట కడతాం. ‘బి’కి యతి కోసం ఆ మాట తెచ్చారని తెలిసిపోతోంది. మూడో పాదం ఇంకా బలహీనం. వేరే తల్లి, వేరే దారి అనే మాట ఏ ఇద్దరికైనా సరిపోతుంది. వీళ్లిద్దరికే చెందిన సంగతి కావాలి. అది మీ ఉమ్మడి పశ్చిమ గోదావరి జిల్లాలోనే ఉంది. ఇద్దరూ 1895లోనే పుట్టారు, ఒకరు భీమవరంలో, ఒకరు ఏలూరు దగ్గర. ఇద్దరూ చదువు కోసం మద్రాసు వెళ్లారు. నండూరి వారు తిరిగొచ్చి ఏలూరులో వకీలుగా ఉంటూనే ఎంకినీ నాయుడుబావనీ మనకిచ్చారు. యల్లాప్రగడ వారు బోస్టన్ వెళ్లి మళ్లీ వెనక్కి రాలేదు. ఒకే ఏడు, ఒకే గాలి, ఒకే పేరు అయినా ఇద్దరూ ఎంత దూరం వెళ్లిపోయారో చెబితే సమస్యకు బలం వస్తుంది.

ఏలూరు మిత్రుడు:
ఇద్దరిదీ ఒకే సంవత్సరమని గమనించలేదండీ. సవరణ ఇదిగో.

ఔషధాల వెదకె యల్లాప్రగడవారి
కన్నబిడ్డ, యెంకికై పదములు
కట్టె నొకఁడు; పుట్టు కాలమ్ము నొక్కటే;
సుబ్బరావు కాఁడు సుబ్బరావు

నిర్వాహకుడు:
ఇప్పుడు ప్రాణం వచ్చింది. ‘పదములు కట్టె’ అనగానే పాట వినబడుతోంది. రెండో పాదంలో ‘యెంకికై’ని విరిచి ‘కై’ దగ్గర యతి వేయడం నేర్పుగా ఉంది.

యల్లాప్రగడ వారి గురించి ఇంకొక్క మాట, కొత్తగా చేరిన మిత్రుల కోసం. మద్రాసు మెడికల్ కాలేజీలో చదివేటప్పుడు ఖద్దరు వేసుకున్నందుకు ప్రొఫెసరుకు కోపం వచ్చి, ఎం.బి.బి.ఎస్. బదులు అంతకన్నా తక్కువ పట్టా ఎల్.ఎం.ఎస్.తోనే సరిపెట్టుకోవాల్సి వచ్చింది. ఆయనే హార్వర్డులో సహశాస్త్రవేత్త ఫిస్కేతో కలిసి రక్తంలో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి కనిపెట్టాడు. కండరాలకు శక్తినిచ్చే ఏ.టి.పి.ని 1929లో వెలికితీశాడు. 1940లో లెడర్లీ మందుల సంస్థలో చేరాక ఫోలిక్ ఆమ్లం, బోదకాలుకు హెట్రజాన్, రక్త క్యాన్సరు పిల్లలకు వాడిన అమినోప్టెరిన్, ఇవన్నీ ఆయన నడిపిన పరిశోధనల్లోంచే వచ్చాయి. 1948లో, 53 ఏళ్లకే పోయాడు. నోబెల్ రాలేదు. ఇంత చేసిన మనిషిని ‘ఏ సుబ్బారావు?’ అని అడిగే పరిస్థితి మన ఇళ్లలో ఉండకూడదు.

కడప అక్కయ్య:
మా ఒంటిమిట్టను మరిచిపోతే ఎట్లా తమ్ముడూ? నా పద్యం చూడు.

వావిలికొలనయ్య వాల్మీకి మాటను
తెలుఁగు చేసె; తీర్పు తెలిపె నొకఁడు;
చిప్పఁ బట్టె నితఁడు. చేఁ ద్రాసుఁ బట్టె నా
సుబ్బరావు, కాఁడు సుబ్బరావు

నిర్వాహకుడు:
అక్కా, ఇప్పటిదాకా వచ్చినవాటిలో నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే. మూడో పాదం చివర ‘నా’ అని ఆపి, సమస్యను ‘ఆ సుబ్బరావు, కాఁడు (ఈ) సుబ్బరావు’ అని విరిచారు. ఇచ్చిన పాదంలో ఒక్క అక్షరం మార్చకుండా అర్థం మార్చేశారు. సమస్యాపూరణంలో అసలు ఆనందం ఇదే. ‘చి’కి ‘చే’తో యతి సరిగ్గా ఉంది. త్రాసు ద్రుతం (మాట చివరి నకారం) మీద ‘ద్రాసు’ కావడమూ సరైనదే.

ఏలూరు మిత్రుడు:
అక్కయ్య గారూ, ‘చిప్ప పట్టె’ అంటే తెలియనివాళ్లు అవమానం అనుకోరా? చేతికి చిప్ప వచ్చిందంటే మన వాడుకలో వేరే అర్థం కదా.

కడప అక్కయ్య:
నాయనా, ఆ మాట ఆయనదే. మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో తెలుగు పండితుడిగా ఉన్న మనిషి అదంతా వదులుకుని, ఒంటిమిట్ట కోదండరాముడి గుడి కోసం టెంకాయ చిప్ప చేతబట్టి ఊరూరా తిరిగి డబ్బు కూడగట్టినాడు. సిగ్గుపడలేదు సరికదా, ‘టెంకాయచిప్ప శతకం’ అని ఆ చిప్ప మీదనే శతకం రాసినాడు. వాల్మీకి రామాయణాన్ని తెలుగు పద్యాల్లో పెట్టినందుకు ఆంధ్ర వాల్మీకి అన్నారు, వాసుదాసు అన్నారు. మా వైపు ఇప్పటికీ ఆ చిప్ప పేరెత్తితే పెద్దవాళ్లు చేతులు జోడిస్తారు. అందుకనే ఆ మాట తీయను.

నిర్వాహకుడు:
తీయవద్దు అక్కా. ఒక చేతిలో చిప్ప, ఇంకో చేతిలో త్రాసు ఎదురెదురుగా నిలబడ్డాయి కాబట్టే పద్యం నిలిచింది.

హైదరాబాద్ బ్యాంకు మిత్రుడు:
నాకు తెలిసిన రంగం నుంచి ఒకటి. యతి దగ్గర కొంచెం టెన్షన్‌గానే ఉంది, పెద్దలు చూడాలి.

నోటు మీఁదఁ జేసె నొక్కఁడు సంతకం
దేశభక్తిఁ బాడెఁ దేనె లొలుక
నొకఁడు; లెక్క యొకటి, యొక్కటి కవనము;
సుబ్బరావు కాఁడు సుబ్బరావు

నిర్వాహకుడు:
మీ అనుమానం నిజమే. ‘చేసెన్ + ఒక్కఁడు’ కలిసి ‘చేసె నొక్కఁడు’ అయింది. కంటికి ‘న’ కనిపిస్తున్నా అది ముందు మాటకు చెందిన ద్రుతం. యతికి లెక్కలోకి వచ్చేది ‘ఒ’. అది ‘నో’కు చెల్లదు. ‘సంతకం’ అని సున్నాతో ముగించడం కూడా పద్యంలో కుదరదు, ‘సంతకము’ అనాలి. పాదాన్ని ఇలా తిప్పితే రెండూ సర్దుకుంటాయి.

ఒకఁడు నోటుమీఁద నుంచె సంతకమును

‘ఒ’కు ‘ఉంచె’లోని ‘ఉ’తో యతి. ఇక ‘తేనె లొలుక’ అరిగిపోయిన మాట, ఇంకో మాట వెతకండి. రాయప్రోలు వారి దేశభక్తిలో తీపి కన్నా తలెత్తుకుని నిలబడే పౌరుషం ఎక్కువ. నోటు మీద సంతకం మాత్రం మంచి ఊహ. దువ్వూరి వారు 2008 సెప్టెంబరు 5న గవర్నరయ్యారు, పది రోజులకే అమెరికా బ్యాంకు లేమన్ బ్రదర్స్ కూలింది. ఆ అయిదేళ్లూ అందరి జేబుల్లోనూ తిరిగిన పేరది. అయినా ఎంతమంది గమనించి ఉంటారు!

విజయవాడ వకీలు:
అందరూ ఇద్దరేసి సుబ్బారావుల్ని తెస్తున్నారు. నేను ఒక్కరితోనే పూరించాను.

న్యాయపీఠి దిగుచు నభ్యర్థి యైనాఁడు
రాష్ట్రపతి పదవికి; రాత మాఱె;
తీర్పు లిచ్చు నాఁటి ధీరుఁడే యైనను
సుబ్బరావు కాఁడు సుబ్బరావు

నిర్వాహకుడు:
దారి కొత్తది. ‘న్యా’లోని యకారానికి ‘అభ్యర్థి’లోని ‘అ’తో యతి కుదిరిందని గమనించాను, మంచి పట్టు.

కానీ భావంతో నేను ఏకీభవించలేను. కోకా సుబ్బారావు గారు 1967 ఫిబ్రవరి 27న గోలక్‌నాథ్ కేసులో తీర్పు చెప్పారు. పదకొండుగురు న్యాయమూర్తుల్లో ఆరుగురు ఒకవైపు, అయిదుగురు మరోవైపు. ప్రాథమిక హక్కుల్ని తగ్గించే అధికారం పార్లమెంటుకు లేదన్నారు. ఏప్రిల్‌లో రాజీనామా చేసి ప్రతిపక్షాల తరఫున రాష్ట్రపతి పదవికి నిలబడి, జాకీర్ హుస్సేన్ గారి మీద ఓడిపోయారు. పదవిలో ఉన్న ప్రధాన న్యాయమూర్తి ఎన్నికలకు దిగడం తప్పని అప్పుడూ అన్నారు, ఇప్పుడూ అంటారు. అది చర్చించాల్సిన విషయమే. కానీ మనిషే మారిపోయాడనడం అన్యాయం. హక్కుల గురించి ఆయన అభిప్రాయం న్యాయపీఠం దిగాక మారలేదు.

విజయవాడ వకీలు:
నా ఉద్దేశం మనిషి మారాడని కాదండీ, న్యాయపీఠం మీద కూర్చున్నప్పటి గౌరవం ప్రచారంలో దొరకలేదని. ఆ తీర్పును 1973లో కేశవానంద భారతి కేసులో పదముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం పక్కన పెట్టినా, రాజ్యాంగ మౌలిక స్వరూపం జోలికి వెళ్లరాదన్న సూత్రం అక్కడే పుట్టింది. గోలక్‌నాథ్ లేకపోతే ఆ ప్రశ్న అంత పదునుగా వచ్చేదా?

నిర్వాహకుడు:
ఆ మాట పద్యంలోకి రావాలి. ‘రాత మాఱె’ దగ్గర చోటుంది, ప్రయత్నించండి.

రాజమండ్రి మాస్టారు:
ఈ సుబ్బారావుల్లో ముగ్గురికి మా ఊరితో బంధం ఉంది. కోకా వారు ఇక్కడే పుట్టారు, యల్లాప్రగడ వారు ఇక్కడ బళ్లో చదివారు. 1878లో ‘హిందూ’ పత్రిక పెట్టిన ఆరుగురు యువకుల్లో ఒకరైన ‘ఆంధ్రభీష్ముడు’ న్యాపతి సుబ్బారావు పంతులు గారు ఇక్కడి వకీలే. ఆయన మీద ఇంకా ఎవరూ రాయలేదు.

ఆంధ్రభీష్ముఁ డొకఁడు; హార్వర్డు చేరెఁ దా
నొకఁడు; తీర్పు లిచ్చె నొకఁడు మెచ్చ;
నొక్క యేటి నీళ్ళె యొక్కొక్క గొంతులో;
సుబ్బరావు కాఁడు సుబ్బరావు

నిర్వాహకుడు:
మాస్టారూ, మూడో పాదానికి దండం పెడుతున్నాను. గోదావరి పేరు చెప్పకుండానే గోదావరి వచ్చింది. ‘ఆ’కు ‘హా’తో యతి సహజంగా పడింది. ‘మెచ్చ’ మాత్రం ఒంటరిగా ఉంది, ఎవరు మెచ్చారో తెలియదు. అక్కడ ఏదైనా పేరున్న మాట పడితే బాగుంటుంది.

ఎనిమిదిమంది ఇంటిపేర్లూ గుదిగుచ్చి సీసపద్యం పంపిన మిత్రుడికి: గణాలన్నీ సరిగ్గా ఉన్నాయి, కానీ ఒక్క మనిషీ కనబడలేదు. ఇద్దరిని మాత్రమే తీసుకుని మళ్లీ రాయండి.

ఇక ఎవరూ ముట్టుకోని జంట ఒకటుంది: రాయప్రోలు, నాయని. వృత్తి తేడాతో విడదీయడానికి లేదు, ఇద్దరూ భావకవులే, ఇద్దరూ ప్రేమ గురించే రాశారు. రాయప్రోలు వారి ‘తృణకంకణం’లో ప్రేమ స్నేహంగా మారి దూరంగా నిలబడుతుంది. ‘సౌభద్రుని ప్రణయయాత్ర’లో నాయని వారు తన మరదలి మీద తనకున్న ప్రేమనే దాచకుండా చెప్పుకున్నారు. ఆ తేడా నాలుగు పాదాల్లో చూపించగలరా? ఆదివారం దాకా సమయం ఉంది.