యుద్ధంలో పోయిన మామూలు జనం లెక్క ఒక్కోచోట ఒక్కోలా ఎందుకు?

పాతపేజీ: ఇరాక్ యుద్ధం గురించి చదువుతున్నా. 2003 నుంచి 2006 మధ్య దాకా పోయినోళ్లు లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన సర్వేలో దాదాపు 6.55 లక్షలు, ఇంకో పెద్ద సర్వేలో 1.51 లక్షలు, వార్తలు ఏరి లెక్కపెట్టిన ఇరాక్ బాడీ కౌంట్ వాళ్ల దగ్గర 50 వేల లోపే. ఏది నమ్మాలి అసలు?

లెక్కలపిచ్చి: మూడూ ఒకటి కాదు బాసూ. మొదటిది యుద్ధం లేకపోతే బతికుండేవాళ్లందరి లెక్క, జబ్బుతో పోయినా సరే. రెండోది హింసలో పోయినోళ్లే, మూడోది రికార్డుకెక్కిన పౌరులు మాత్రమే. సర్వేల్లో తుపాకీ పట్టినోడెవడో పట్టనోడెవడో విడిగా తీయలేదు, ఆ ప్రశ్న ఇంటికెళ్లి అడిగితే ఎవరు చెప్తారు చెప్పు.

నైట్‌షిఫ్ట్: అది సగమే కరెక్ట్. ఆ 6.55లో 6 లక్షలు హింసవే కదా, మరి తేడా ఎక్కడిది? అసలు గొడవ శాంపిల్‌ది, లాన్సెట్‌లో 47 చోట్ల 1,849 ఇళ్లు, రెండో సర్వేలో 9,345 ఇళ్లు, పైగా బాగా ప్రమాదమున్న చోట్లకి రెండో సర్వే వాళ్లు వెళ్లలేక అంచనాతో సర్దారు.

గోడమీదపిల్లి: సిరియాకి ఐక్యరాజ్యసమితి వేరే పద్ధతి వాడింది. వేర్వేరు సంస్థల జాబితాల్లో ఒకే పేర్లు ఎక్కువ కలిస్తే ఏ జాబితాకీ ఎక్కకుండా పోయినోళ్లు తక్కువని, కలవకపోతే ఎక్కువని. 2011-21లో పేర్లతో దొరికిన పౌరులు 1,43,350, అంచనా 3,06,887. బోస్నియా యుద్ధంలో రివర్సు, సైనికులతో కలిపి 2 లక్షల పైన అన్నారు, పేర్లు రాస్తే లక్ష దగ్గర ఆగింది.

పాతపేజీ: అంటే సగం మందికి పైగా పేరు కూడా ఎక్కలేదా సిరియాలో..