రెండు రంగుల ఊలు దుప్పటి: అమ్మ అల్లిన చదరాలు, నేను అల్లినవి కలవడం లేదు

దారపుండ:
మా చెల్లికి నవంబరులో డెలివరీ. పాపాయికి దుప్పటి అల్లుదామని నేనూ అమ్మా పని పంచుకున్నాం. నేను న్యూజెర్సీలో, అమ్మ వరంగల్‌లో. మొత్తం 36 చదరాలు, ఒక్కోటి ఆరంగుళాలు. మూల నుంచి మూలకు గార్టర్ అల్లిక (రెండు వైపులా ప్రతి వరసా ఒకే సూటి కుట్టుతో అల్లేది), సగం ఆవపిండి రంగు, సగం నేవీ బ్లూ. ఒక కుట్టుతో మొదలుపెట్టి వరసకొకటి పెంచుతూ 42 కుట్ల దాకా వెళ్ళి, అక్కడ రంగు మార్చి వరసకొకటి తగ్గించడం. ఊలు ఒకటే, నేనే ఇక్కడ కొని పంపాను. సూదులు ఇద్దరివీ 8 నంబరు. మొన్న తెలిసినవాళ్ళతో అమ్మ పది పంపింది. అవి సరిగ్గా ఆరంగుళాలు. నావి దాదాపు ఏడు! నేను మరీ వదులుగా అల్లుతున్నానా?

కిటికీపక్క:
మీ చెయ్యి బాగానే ఉందండీ, నంబర్లోనే ఉంది తిరకాసు. మన దగ్గర అమ్మే సూదులకు పాత బ్రిటిష్ నంబర్లు వేస్తారు. అందులో నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. అమెరికాలో నంబరు పెరిగితే సూది లావు. ఇక్కడి 8 అంటే 4 మి.మీ., అక్కడి 8 అంటే 5 మి.మీ. అమ్మగారి సూదికి సరిపోయేది మీ దగ్గర 6 నంబరు. 10 నంబరు అయితే ఇంకా అన్యాయం: ఇక్కడ 3.25 మి.మీ., అక్కడ 6 మి.మీ. ఎవరితోనైనా కలిసి అల్లేటప్పుడు నంబరు ఊసే ఎత్తకండి, మిల్లీమీటర్లలో మాట్లాడుకోండి.

దారపుండ:
అయ్యో! పదకొండు అల్లేశాను. విప్పాలా? 42 బదులు 36 కుట్ల దగ్గరే రంగు మారిస్తే సైజు సరిపోదా?

కిటికీపక్క:
సైజు సరిపోతుంది, బట్ట సరిపోదు. స్కేలు పెడితే ఆరంగుళాలే, చేత్తో పట్టుకుంటే మాత్రం అమ్మగారిది దుప్పటి, మీది వల. పక్కపక్కన కుట్టాక వదులు ముక్కలు సాగుతాయి, గట్టివి సాగవు. రెండు ఉతుకులకే అలలు తేలుతుంది. విప్పడమే మేలు.

సాగరతీరం:
విప్పిన ఊలు ఉంగరాలు తిరిగి ఉంటుంది, అలాగే అల్లకండి. కుర్చీ వీపుకు చుట్టి, నాలుగు చోట్ల వదులుగా కట్టి, గోరువెచ్చని నీళ్ళలో ముంచి ఆరేస్తే చాలావరకు సాఫీ అవుతుంది.

నా అనుభవం వేరే రకం చదరాలతో. ఎల్ ఆకారంలో చారలు వచ్చేది, డొమినో అంటారు చూడండి. 41 కుట్లు ఎక్కించి, నడిమి కుట్టుకు గుర్తు పెట్టి, ముందు వైపు వచ్చే ప్రతి వరసలో నడిమి మూడింటినీ కలిపి ఒకటి చేస్తూ పోవడం. రెండు వరసలకు రెండు కుట్లు తగ్గుతాయి, 20 గట్లు (రెండు వరసలకు ఒక గట్టు) అయ్యేసరికి ఒకటే మిగులుతుంది. నేను సరిగ్గా సగంలో, పదో గట్టు దగ్గర, మెరూన్ ఆపి తెలుపు మొదలుపెట్టేదాన్ని. రెండు రంగులూ సమానంగా కొన్నాను. మెరూన్ అయిపోయింది, తెలుపు కుప్పలుగా మిగిలింది! బయటి వరసలు పొడుగు కదా. సగం గట్లకే ముప్పాతిక ఊలు తినేస్తుంది. సమానంగా ఖర్చవ్వాలంటే ఆరో గట్టు తర్వాతే మార్చాలి. ఆ తర్వాత కొన్న మెరూన్ వేరే లాట్ (వేరే విడత రంగు అద్దినది), ఛాయ తేడా దుప్పటికి అడ్డంగా గీత గీసినట్టు కనిపిస్తుంది.

దారపుండ గారిది మూల నుంచి మూలకు కాబట్టి ఈ గొడవ లేదు, రెండూ సమానమే. ఒక చదరాన్ని వంటింటి త్రాసు మీద తూచి 36తో గుణించండి.

దారపుండ:
తూచాను. అమ్మ చదరం 16 గ్రాములు. అంటే మొత్తం 576, రంగుకు 288. వంద గ్రాముల ఉండలు రంగుకు మూడు. కొన్నవీ అన్నే. కానీ కుట్టడానికి రంగుకు 12 గ్రాములే మిగులుతాయి, కొంచెం టెన్షనే.

లేసుసూది:
మాది నర్సాపురం. మా ఇంట్లో అందరూ లేసు అల్లేవాళ్ళే, నిట్టింగ్ నాకు కొత్త. కలపడానికి కుట్టే బదులు క్రోషే సూదితో (కొసకు కొక్కెం ఉండేది) కలపండి, వేగంగా అవుతుంది. లేసు సూది పనికిరాదు, మరీ సన్నం. 4 మి.మీ. సూది కావాలి.

కిటికీపక్క:
వేగం నిజమే. కానీ క్రోషేతో కలిపితే సందుల్లో గట్టు లేస్తుంది, ఊలూ ఎక్కువ పడుతుంది. ఆ 12 గ్రాములతో అవ్వదు. పసిపిల్లల దుప్పటికి చదునుగా ఉండే కుట్టే నయం. గార్టర్‌లో అంచు గట్లు రెండు వైపులా ఎదురెదురుగా ఉంటాయి, గట్టుకు గట్టు పట్టుకుంటూ పోతే కుట్టు కనిపించదు. ప్రతి చదరం చివర్లో దారం బారెడు వదలండి, దాంతోనే కుట్టేయొచ్చు.

మరో మాట. ఒక్కో చదరానికి నాలుగు తోకలు, అంటే వేలాడే దారం కొసలు. 36కి 144. వాటిని చివరికి దాచుకుంటే దుప్పటి అటకెక్కుతుంది (నాది ఎక్కింది, రెండేళ్ళు). కుట్టడానికి వదిలింది తప్ప, ఏ చదరం తోకలు ఆ చదరం సూది మీంచి దించగానే అల్లికలోకి దూర్చేయండి.

సాగరతీరం:
కొత్త రంగు ఎప్పుడూ ముందు వైపు వరసలోనే మొదలుపెట్టండి. వెనక వైపు మొదలైతే గీత తెగినట్టు రాదు, రెండు రంగుల చుక్కలు కలగాపులగంగా కనిపిస్తాయి. గార్టర్‌లో రెండు వైపులూ ఒకేలా ఉంటాయి కాబట్టి ముందు వైపుకు ఒక పిన్నీసు పెట్టుకుంటే సరి.

ముగ్గుపిండి:
పేర్చడం గురించి ఎవరూ చెప్పలేదే! అసలు సరదా అక్కడే కదా. ఇవే చదరాలను నాలుగేసి తిప్పి పెడితే గాలిమర వస్తుంది, నేవీ కొసలన్నీ లోపలికి పెడితే వజ్రం, వరసగా పెడితే మెలికలు. ముగ్గులో చుక్కలు అవే, గీత మారితే ముగ్గు మారినట్టు. మంచం మీద పరిచి, ఫోన్లో నలుపు తెలుపు ఫొటో తీసి చూడండి. నా గులాబీ, ఆకుపచ్చ విడివిడిగా ఎంత బాగున్నాయో! ఫొటోలో రెండూ ఒకే బూడిద రంగు. దూరం నుంచి చూస్తే డిజైనే లేదు.

ఊలు ఆక్రిలిక్ అయితే మాత్రం ఇస్త్రీ పెట్టె ఆనించకండి. నేను ఆనించాను. ముక్క చప్పిడిగా మెరుస్తూ పడిపోయింది, ఇక లేవలేదు. ఆవిరి పట్టాలన్నా ఎత్తు నుంచే.

దారపుండ:
మూడు వారాల తర్వాత వస్తున్నాను. 4 మి.మీ. సూదులు కొన్నాను, పదకొండూ విప్పి మళ్ళీ అల్లాను. అమ్మతో చెబితే "నా సూదిది కాదు తప్పు, మీ దేశానిది" అంది. 36 అయిపోయాయి, గాలిమరలుగా కుట్టాను, ఊలు సరిపోయింది. నిన్న వీడియోలో చూపించగానే అమ్మ పట్టేసింది: మూడో వరసలో రెండోది తిరగబడి ఉంది. ఆ గాలిమర తిరగదు. ఇప్పుడు ఆ నాలుగు అంచుల కుట్టు విప్పుతున్నాను.

ముగ్గుపిండి:
కత్తెర చూసి పెట్టండి, పక్క చదరం అంచు తెగితే మళ్ళీ మొదటికొస్తుంది.