సబ్బు దొంగా, సబ్బుల దొంగలా?

గోదారిగట్టు: మౌరీజియో నికెత్తి సినిమా ఒకటి (1989) ఎప్పుడో ఫిల్మ్ సొసైటీలో చూశాను. ఇటలీ దర్శకుడు డి సీకా 1948 నాటి సైకిళ్ల సినిమాకి (‘బైసికిల్ థీవ్స్’) పేరడీ. ‘లాద్రి ది సపొనెత్తె’. ఆ రోజు పరిచయం చేసినాయన పేరుని తెలుగులో చెప్పారు. ‘సబ్బు దొంగ’ అన్నారో, ‘సబ్బుల దొంగలు’ అన్నారో రెండ్రోజులుగా బుర్ర తినేస్తోంది. ఏది సరైంది?

తిరగలి: లాద్రో ఏకవచనం, లాద్రి బహువచనం. ఆ ‘లు’ తీసేస్తే డి సీకా సినిమానే పోతుంది. చివరికి తండ్రి కూడా సైకిలు ఎత్తుకుపోతాడు కదా, అందుకే దొంగలు. అమెరికాలో మొదట ఏకవచనం పెట్టి ఆ కిటుకు కాస్తా చెడగొట్టారు.

భగణం: మీరు చివరి ‘లు’ దగ్గరే ఆగిపోయారు. అసలు సంగతి నడిమి ‘ల’లో ఉంది. సైకిలు దొంగలు, సబ్బుల దొంగలు. ‘సైకిలు’ భగణం (ఒక గురువు, రెండు లఘువులు), ‘సబ్బుల’ భగణం. ఇటాలియన్‌లోనూ అంతే: బిచిక్లెత్తె (సైకిళ్లు), సపొనెత్తె. నాలుగేసి అక్షరాలు, తోక ఒకటే. నడక ఉంచి సరుకు మారిస్తేనే పేరడీ.

అటకమీదపుస్తకం: పేరడీల జరుక్ శాస్త్రి ఎప్పుడో చేసి చూపించారు లెండి. శ్రీశ్రీ ‘సిందూరం రక్తచందనం’ అంటే ఈయన ‘మాగాయీ కందిపచ్చడీ’. రెండింటిలోనూ ఆరూ ఎనిమిదీ మాత్రలు, ఒక్కటీ పొల్లుపోలేదు. ‘పచ్చడి’ అని పొట్టిగా రాసేవాళ్లని చూస్తే ఒళ్లు మండుతుంది.

భగణం: పాదం చివర విరామం ఉంటుంది కదండీ, ఆ మాత్ర అదే నింపుకుంటుంది. ‘డి’ అన్నా కొంప మునగదు.

అటకమీదపుస్తకం: కాగితం మీద మునగదు. పైకి చదవండి. మాగాయికి దీర్ఘం ఇచ్చి పచ్చడి దగ్గర పిసినారితనమా?

గోదారిగట్టు: అయ్యా, పచ్చడి కాసేపు పక్కన పెడతారా! నికెత్తి సినిమాలో హీరో ఆంటోనియో ఫ్యాక్టరీ నుంచి ఎత్తుకొచ్చేది షాండ్లియర్. మధ్యలో ఈ సబ్బెందుకు?

తిరగలి: ప్రకటనలండీ. ఆంటోనియోది నలుపు తెలుపు సినిమా, దాన్ని టీవీలో వేస్తుంటారు. భార్యాభర్తల కష్టాలు గొంతు దాకా వచ్చేసరికి రంగుల్లో ప్రకటన వచ్చి పడుతుంది. చివరికి ఈత కొడుతున్న మోడలొకావిడ ప్రకటనలోంచి జారి ఆ పేదల సినిమాలోనే తేలుతుంది. వెక్కిరింత టీవీ మీద, డి సీకా మీద కాదు. పేరడీ అనడమే నాకు నచ్చదు.

భగణం: ఆ లెక్కన జరుక్ కూడా శ్రీశ్రీని వెక్కిరించలేదంటారా?

తిరగలి: మెచ్చుకోలే అంటాను. సరే, ‘సపోనె’ సబ్బు అయితే ‘సపొనెత్త’ సబ్బుబిళ్ల. నిక్కచ్చిగా అయితే ‘సబ్బుబిళ్లల దొంగలు’ అనాలి.

భగణం: నడక చచ్చింది.

కొత్తసభ్యుడు: నికెత్తి సినిమాకి ఇంగ్లీషు పేరు పెడుతూ ‘బైసికిల్’ మొదట్లో ‘బ’ కొట్టేసి ‘ఐసికిల్’ (మంచుకడ్డీ) చేశారు. అసలు దొంగలు వాళ్లే.

తిరగలి: భలే పట్టారు. మనలాంటి వాళ్లందరి మీదా ఇటలీ దర్శకుడు ఎత్తోరె స్కోలా 1974లోనే సినిమా తీసేశాడు. అందులో డి సీకా వీరాభిమాని ఒకడు టీవీ క్విజ్‌లో కూర్చుంటాడు. సైకిళ్ల సినిమాలో పిల్లాడు ఎందుకు ఏడ్చాడని అడిగితే, డి సీకా వాడి జేబులో సిగరెట్ పీకలు వేసి మరీ ఏడిపించాడని షూటింగు సంగతి చెప్పి, వచ్చిన డబ్బంతా పోగొట్టుకుంటాడు.

గోదారిగట్టు: నా ప్రశ్న...

అటకమీదపుస్తకం: ‘డీ’ దీర్ఘమే.