స్థూల అర్థశాస్త్రం మొదటి పేపరు ఆన్‌లైన్‌లో చదివితే వస్తుందా?

రెండో ఏడు బీఏ:
అందరికీ నమస్కారం. మాది ఒక ప్రభుత్వ డిగ్రీ కళాశాల. అర్థశాస్త్రం చెప్పే మాస్టారు బదిలీ అయి ఏడు నెలలైంది, ఆ కుర్చీ ఇంకా ఖాళీగానే ఉంది. ఈ సెమిస్టరులో స్థూల అర్థశాస్త్రాన్ని (మాక్రో ఎకనామిక్స్, అంటే దేశం మొత్తం ఆదాయం, ధరలు, వడ్డీల పాఠం) కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక ‘స్వయం’లో చదివి క్రెడిట్లు తెచ్చుకోమంటున్నారు. విశ్వవిద్యాలయాల నిధుల సంఘం (యూజీసీ) 2021 నిబంధనల ప్రకారం ఒక సెమిస్టరులో 40 శాతం దాకా కోర్సులు అలా చదవవచ్చట. పన్నెండు వారాల వీడియోలు, అన్నీ ఇంగ్లీషులో. నేను ఇంటర్ దాకా తెలుగు మాధ్యమం. ఎదురుగా చెప్పేవారు లేకుండా ఈ పేపరు అర్థమవుతుందా? అనుభవం ఉన్నవారు చెప్పండి.

నల్లబల్ల:
నేను ఇరవై ఏడేళ్లు ఈ పేపరు చెప్పాను. నా మాట సూటిగా చెబుతాను బాబూ: మిగతా పేపర్లు ఏవైనా ఆన్‌లైన్‌లో చదువు, ఇది మాత్రం వద్దు.

ఎందుకంటే ఈ పేపరు మన ఇంటి లెక్కకు ఎదురు తిరుగుతుంది. మొదట పెట్టిన ఖర్చు మొత్తం ఆదాయాన్ని ఎన్ని రెట్లు పెంచుతుందో చెప్పేది గుణకం. ఆ పాఠానికి నేను వంద రూపాయలని రాసిన చీటీ మొదటి బెంచీ చేతికి ఇచ్చేవాడిని. వచ్చినదాంట్లో అయిదో వంతు దాచుకుని మిగతాది పక్కవారికి రాసివ్వాలి. రెండో చేతికి 80, మూడో చేతికి 64, ఎనిమిదో చేతికి వచ్చేసరికి 21 రూపాయలు. అలా తరగతంతా తిరిగాక అందరి ఆదాయమూ కూడితే 500కి దగ్గరగా వచ్చేది. మరుసటి రోజు అదే ఆట, కానీ ఈసారి సగం దాచుకోమనేవాడిని. మొత్తం 200 దగ్గరే ఆగిపోయేది.

ఒకసారి ఒక అమ్మాయి లేచి, “మా అమ్మ పొదుపు సంఘంలో ఉంది మాస్టారూ. దాచుకోవడం తప్పంటారా?” అని అడిగింది. గొంతులో కోపం ఉంది. ఆ గంటంతా ఆ ప్రశ్న మీదే గడిచింది. సంఘంలో దాచిన డబ్బు పెట్టెలో పడి ఉండదు, ఇంకో సభ్యురాలికి గేదె కొనుక్కోవడానికి అప్పుగా వెళుతుంది. అంటే గొలుసు తెగలేదు. అప్పు తీసుకునేవారే లేని మాంద్యంలో అందరూ ఒకేసారి చెయ్యి బిగిస్తే మాత్రం అందరి ఆదాయమూ పడిపోతుంది. 1936లో ఆర్థికవేత్త కీన్స్ వాదించింది ఇదే. ఆ అమ్మాయి కోపాన్ని వీడియో చూడలేదు, ఆగి జవాబు చెప్పలేదు.

రాత్రి చదువు:
మాస్టారూ, మీ తరగతిలో కూర్చునే అదృష్టం నాకు లేదు. పగలు బట్టల దుకాణంలో బిల్లులు వేస్తాను, ఇల్లు చేరేసరికి రాత్రి తొమ్మిదిన్నర. నేను స్థూల అర్థశాస్త్రం చదివిందంతా పది తర్వాత, ఫోనులో, చెవిలో తీగ పెట్టుకుని.

వడ్డీ రేట్ల పాఠం నాలుగుసార్లు వెనక్కి తిప్పి విన్నాను. రిజర్వు బ్యాంకు ధరలు అదుపు చేయడానికి రెపో రేటును, అంటే తాను బ్యాంకులకిచ్చే అప్పు మీద వడ్డీని, 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి లోపల 4 శాతం నుంచి 6.5 శాతానికి తీసుకెళ్లింది. అదే రోజుల్లో మా అన్నయ్యకు ఇంటి అప్పు మీద బ్యాంకు నుంచి కాగితం వచ్చింది. నెల వాయిదా మారలేదు, గడువు మాత్రం పెరిగింది. నేను నోటు పుస్తకంలో ఒక లెక్క వేసి చూశాను: 20 లక్షల అప్పు, 7 శాతం వడ్డీ, 15 ఏళ్లు అంటే నెలకు దాదాపు 17,980 రూపాయలు. వడ్డీ 9.5 శాతమైతే అదే వాయిదాతో 180 నెలల అప్పు 270 నెలలవుతుంది. ఏడున్నరేళ్లు ఎక్కువ! ధరలు అదుపు చేయడమంటే ఎవరి జేబు మీద చెయ్యి పడుతుందో ఆ రాత్రి నాకు తెలిసింది. తరగతిలో అయితే నాలుగోసారి చెప్పమని అడిగేదాన్ని కాను.

తమ్ముడూ, భయపడకు. తెలుగు అకాడమీ పుస్తకం పక్కన పెట్టుకుని విను. ఉపాంత వినియోగ ప్రవృత్తి అన్న మాట చూసి బెదిరిపోతాం గానీ, అదనంగా చేతికొచ్చిన రూపాయిలో ఎంత ఖర్చు పెడతామన్నదే దాని అర్థం.

అంకెల మనిషి:
అనుభవాలతో తేలే విషయం కాదు ఇది. 2020 రెండో సగంలో అమెరికాలోని వెస్ట్ పాయింట్ సైనిక అకాడమీలో ప్రాథమిక అర్థశాస్త్రం విద్యార్థులను లాటరీ వేసినట్టు రెండుగా విడదీసి, కొందరికి గదిలో, కొందరికి ఆన్‌లైన్‌లో చెప్పారు. ఆన్‌లైన్ వారి ఫలితాలు ప్రామాణిక విచలనంలో (మార్కులు సగటుకు ఎంత అటూ ఇటూగా ఉంటాయో చెప్పే కొలతలో) సుమారు అయిదో వంతు తగ్గాయి. చదువులో వెనకబడి ఉన్నవారికి దెబ్బ ఇంకా గట్టిగా తగిలింది. పట్టుదల ఉన్న అక్క నెగ్గుకొచ్చారు, సంతోషం. నియమం ఆమెను చూసి పెట్టకూడదు.

రాత్రి చదువు:
ఆ లెక్కతో నాకు పేచీ లేదు. కానీ అక్కడ పోల్చింది ఎదురుగా ఉన్న గురువుతో. ఈ తమ్ముడి కళాశాలలో ఎదురుగా ఉన్నది ఖాళీ కుర్చీ. ఖాళీ కుర్చీకీ వీడియోకీ మధ్య ఏది మేలు? దానికి మీ లెక్కలో జవాబు ఉందా?

నల్లబల్ల:
నువ్వన్నది న్యాయమైన మాటే అమ్మా, కాదనను. నా బాధ వేరు. వీడియోతో క్రెడిట్లు వస్తున్నాయి కదా అనుకున్న రోజు ఆ కుర్చీ నింపే తొందర ఎవరికీ ఉండదు. ఈ ఏడాది సర్దుబాటు వచ్చే ఏడాదికి పద్ధతి అయిపోతుంది. నష్టపోయేది ఎవరు? రుసుము కట్టి వేరే చోట చేరలేని పిల్లలే. బాబూ, నువ్వు చేరినా చేరకపోయినా, మీ తరగతి అంతా కలిసి ఆ ఖాళీ గురించి అర్జీ రాయండి. కాపీ దగ్గర ఉంచుకోండి.

కండక్టరు గారి అబ్బాయి:
మా నాన్నగారు బస్సు కండక్టరుగా పనిచేస్తూ అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో డిగ్రీ పూర్తి చేశారు. 1982లో మొదలైన అది దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం. పుస్తకాలు ఇంటికి వచ్చేవి. కానీ సెలవు దొరికిన ప్రతి ఆదివారం అధ్యయన కేంద్రంలో తరగతికి వెళ్లేవారు. వారమంతా పోగేసిన సందేహాలు టిక్కెట్టు కాగితాల వెనక రాసుకునేవారు. ఇప్పటి వీడియోలకు లేనిది ఆ ఆదివారమే. ఇంట్లో కూర్చుని నేర్చుకోలేమన్న మాట నేను ఒప్పుకోను. అడగడానికి వారంలో ఒక్క గంట, ఒక్క మనిషి ఉండాలి.

ఇంకొక సంగతి. మా స్వయం కోర్సు వాట్సాప్ గుంపులో వారాంతపు ప్రశ్నలు వచ్చిన మర్నాడే జవాబులు తిరిగేవి. నేనూ రెండు వారాలు చూసి రాశాను. చివరి పరీక్ష కేంద్రానికి వెళ్లి రాయాలి, మార్కుల్లో ఎక్కువ భాగం అక్కడే. ఆ హాలులో నాకు ఆ రెండు వారాల పాఠాలే రాలేదు.

డాలస్ నుంచి అమ్మ:
ఇక్కడ మా అబ్బాయి వేసవిలో కమ్యూనిటీ కాలేజీలో ఇదే పేపరు ఆన్‌లైన్‌లో చేశాడు. పదహారు వారాల పాఠం ఎనిమిది వారాల్లో. ఓపెన్‌స్టాక్స్ పుస్తకం ఉచితమే. మార్కులు బాగానే వచ్చాయి. కానీ మొన్న ఇంట్లో 1991 మాట వచ్చి, మన దేశం బంగారం ఎందుకు తాకట్టు పెట్టిందని అడిగితే తెల్లబోయాడు. చెల్లింపుల శేషం (దేశంలోకి వచ్చే, బయటికి పోయే డబ్బు లెక్క) అధ్యాయం చదివాడు, పరీక్ష రాశాడు. దిగుమతులకు రెండు వారాలకు సరిపడా విదేశీ మారకమే మిగిలిన దేశం ఎలా ఉంటుందో మాత్రం ఊహకు అందలేదు. నేనూ, వాడూ కూర్చుని రెండు గంటలు మాట్లాడుకున్నాం. పీవీ గారి పేరుతో మొదలుపెట్టి రూపాయి విలువ తగ్గింపు దాకా.

రెండో ఏడు బీఏ:
అందరికీ కృతజ్ఞతలు. నిన్న చేరాను. అర్జీ కూడా ఇచ్చాం, ముప్ఫై ఒక్క సంతకాలు. మేము నలుగురం బుధవారం మధ్యాహ్నం గ్రంథాలయంలో ఒకే ఫోనులో పాఠం చూసి, గ్రాఫు కాగితం మీద గీయాలని అనుకున్నాం. మొదటి వారంలోనే ఒక చోట ఆగిపోయాం. మా అమ్మ బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది. అక్కడ వండిన అన్నం జీడీపీలో (ఏడాదిలో దేశంలో తయారైన సరుకులు, సేవల మొత్తం విలువలో) ఉంటుందని, సాయంత్రం ఇంట్లో మాకు వండినది ఉండదని తేలింది. అదే చెయ్యి, అదే బియ్యం. మాస్టారూ, బడిలో అన్నం పిల్లలకు ఉచితం కదా, ధర లేనిదాన్ని ఎంతకు లెక్క కడతారు?

నల్లబల్ల:
అయిన ఖర్చుకు కడతారు బాబూ. ప్రభుత్వం ఉచితంగా ఇచ్చేదానికి బజారు ధర ఉండదు కాబట్టి బియ్యం, పప్పు, గ్యాసు, మీ అమ్మగారికి ఇచ్చే గౌరవ వేతనం కలిపి అదే విలువ అంటారు. అంటే ఆవిడ వేతనం ఎంత తక్కువైతే ఆ పని విలువ అంత తక్కువగా లెక్కలోకి ఎక్కుతుంది. దీని మీద నలుగురూ వాదించుకోండి. కుర్చీ విషయంలో నా అభిప్రాయం మారలేదు. అయినా బుధవారం మూడు గంటలకు నేను ఖాళీ, ఫోనులో కలుస్తాను. గ్రాఫు కాగితాలు కెమెరాకు కనిపించేలా పెట్టండి.