పారసీక కావ్య ప్రతిలో పచ్చరంగు కాగితాన్ని తినేస్తుందా?

ప్రశ్న (తిరువల్లిక్కేణి, చెన్నై): మిత్రుల ఇంట ఉన్న, పారసీక కవి నిజామీ ‘ఖమ్సా’ (ఐదు కావ్యాల సంపుటి) చిత్రప్రతిలో నీలం, బంగారం నిగనిగలాడుతుండగా, ఆకుపచ్చ పూసిన చోట మాత్రం కాగితం గోధుమరంగుకు తిరిగి, చెట్ల అంచుల వెంబడి చీలిపోయింది. సముద్రపు చెమ్మే కారణమా? పద్యం ముందా, బొమ్మ ముందా?

మైలాపూరు నుంచి: చెమ్మ తోడైంది గానీ, మూలం రంగులోనే ఉందండీ. అది రాగి చిలుము. కాగితపు పీచును మెల్లగా కొరికేస్తుంది. కొందరు పారసీక చిత్రకారులు అందులో కుంకుమపువ్వు కలిపేవారు, దానివల్ల ఆ తినివేత తగ్గుతుంది. నీలం అఫ్గానిస్తాన్‌లోని బదఖ్షాన్ గనుల లాజవర్దమైతే (నీలిరాయి పొడి), రాయి కనుక చెక్కుచెదరదు.

అడయారు నుంచి: సాధారణంగా రాతే ముందు. కాగితానికి గంజి పట్టించి, నునుపురాయితో రుద్ది, దారాలు బిగించిన అట్టపై ఒత్తి గీతలు తెప్పించాక, లేఖకుడు నస్తాలీఖ్ అనే పారసీక లిపిశైలిలో పద్యాలు రాసి బొమ్మకు జాగా విడిచేవాడు. 1520లలో తబ్రీజ్‌లో మొదలైన ఇరాన్ పాలకుడు షా తహ్మాస్ప్ ‘షానామా’ (రాజుల గాథల కావ్యం) ప్రతిలోని 258 చిత్రాల వెనుక అనేకుల చేతులున్నాయి, అంతటి ప్రతిని ఇరవయ్యో శతాబ్దంలో ఆకులుగా విడగొట్టి అమ్మడం నా దృష్టిలో ఘోరమే.

మైలాపూరు నుంచి: మరొక్కమాట, లామినేషన్ జోలికి వెళ్లనివ్వకండి. తడి జిగురు తగిలితే రాగి పక్క కాగితంలోకీ పాకుతుంది.