సత్నాం సింగ్ కెరీర్ ఫెయిలైనట్టా, కాదా? (మా ఇంట్లో గొడవ, తీర్పు చెప్పండి)

ఎంవీపీ_సెక్టార్6

మా అక్క కొడుక్కి 15 ఏళ్ళు, అప్పుడే ఆరడుగుల నాలుగంగుళాలు. టెన్త్ అయిపోయింది. వాడికి బాస్కెట్‌బాల్ నేర్పే మాస్టారు ఇంటర్ ప్రైవేటుగా కట్టించి వేరే రాష్ట్రంలో అకాడమీకి పంపమంటున్నారు. బావగారేమో కాలేజీలో ఎంపీసీ సీటుకి అడ్వాన్స్ కట్టేసి రసీదు జేబులో పెట్టుకు తిరుగుతున్నారు. మొన్న ఆదివారం భోజనాల దగ్గర మాట పెరిగింది. "ఏడడుగుల రెండంగుళాలున్న సత్నాం సింగే అమెరికా వెళ్ళి చివరికి కుస్తీల్లో తేలాడు, మీవాడెంత" అని బావగారు అనేసరికి అందరూ నోరు మూసుకున్నారు. నాకు మాత్రం ఆ మాట మింగుడు పడలేదు.

తెలియనివాళ్ళకి: సత్నాం సింగ్ భమారాది పంజాబ్, బర్నాలా జిల్లాలో బల్లోకే అనే చిన్న ఊరు. తండ్రి రైతు, ఆయనా ఏడడుగుల మనిషే. లూథియానా అకాడమీలో ఆట నేర్చుకున్నాడు. 2010లో, 14 ఏళ్ళ వయసులో, ఇంగ్లిష్ ముక్క రాకుండా స్కాలర్‌షిప్ మీద ఫ్లోరిడాలోని ఐఎంజీ అకాడమీకి వెళ్ళాడు. 2015 జూన్‌లో ఎన్‌బీఏ (అమెరికా ప్రొఫెషనల్ లీగ్) డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్ళని ఎంచుకునేచోట, డల్లాస్ మావెరిక్స్ వాళ్ళు 52వ నంబర్‌లో తీసుకున్నారు. అలా ఎంపికైన మొదటి భారతీయుడు. ఆ తర్వాత రెండు సీజన్లు డల్లాస్ వాళ్ళ కింది జట్టు టెక్సస్ లెజెండ్స్‌లో ఆడాడు. ఎన్‌బీఏలో ఒక్క మ్యాచ్ కూడా దక్కలేదు. 2021లో ఏఈడబ్ల్యూ అనే రెజ్లింగ్ కంపెనీతో ఒప్పందం చేసుకున్నాడు.

నా వరకు ఇది ఫెయిల్యూర్ కాదు. ఒక పల్లెటూరి రైతు కొడుకు అక్కడిదాకా వెళ్ళడమే గొప్ప. మీరేమంటారు?

గాజువాక_గిరి

మీ బావగారిదే రైట్ గురూ. ఇలాగే మనం "అక్కడిదాకా వెళ్ళాడు" అని చప్పట్లు కొట్టేసి ఊరుకుంటాం. వెళ్ళింది ఆడటానికి కదా, ఆడలేదు, అంతే లెక్క. 52వ నంబర్ అంటారా, రెండో రౌండ్ వాళ్ళకి గ్యారంటీ కాంట్రాక్ట్ ఉండదు నిజమే, కానీ డెన్వర్ జట్టు సెంటర్ నికోలా యోకిచ్‌ని అంతకుముందు ఏడాదే 41వ నంబర్‌లో తీసుకున్నారు. ఆయన మూడుసార్లు ఎంవీపీ (లీగ్‌లో అత్యుత్తమ ఆటగాడు) అయ్యాడు, 2023లో డెన్వర్‌కి టైటిల్ తెచ్చాడు. బెన్ వాలెస్‌నైతే డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోనే లేదు. అయినా నాలుగుసార్లు బెస్ట్ డిఫెండర్. నంబర్ మీద నెపం వేయకండి. పొడుగు దేవుడిచ్చాడు, ఆట ఎవరికి వారు తెచ్చుకోవాలి.

పాత_సెంటర్

రైల్వేలో స్పోర్ట్స్ కోటా ఉద్యోగం చేసి రిటైరైనవాణ్ణి. నేనూ సెంటరే (బాస్కెట్ దగ్గర ఆడే పొడుగు ఆటగాడు) ఆడేవాణ్ణి, ఆరడుగుల మూడంగుళాలతో! అప్పట్లో వాల్తేరులో అదే పెద్ద ఎత్తు, నవ్వకండి.

గిరి గారూ, యోకిచ్ పేరు ఎత్తారు, మంచిదే, కానీ సగమే చెప్పారు. డ్రాఫ్ట్ అయ్యేనాటికే ఆయన సెర్బియాలో ప్రొఫెషనల్. ఎంపికయ్యాక కూడా ఇంకో ఏడాది అక్కడే ఉండి, పెద్దవాళ్ళతో రాసుకుని పూసుకుని ఆడి, ఏడ్రియాటిక్ లీగ్‌లో ఎంవీపీ అయి అప్పుడు డెన్వర్ వెళ్ళాడు. యావ్ మింగ్‌ని చూడండి, ఏడడుగుల ఆరంగుళాలు, 2002లో మొదటి నంబర్. ఆయన ఊరికే ఎత్తు చూపించి వెళ్ళలేదు, షాంఘై షార్క్స్‌కి అయిదు సీజన్లు ఆడి, చైనా లీగ్ గెలిపించి వెళ్ళాడు. సత్నాంకి ఇలాంటి మధ్య మెట్టు ఏది? కాలేజీ ఆట ఆడలేదు, ఎక్కడా ప్రొఫెషనల్‌గా ఆడలేదు, 19 ఏళ్ళకి ఆ ఐఎంజీ అకాడమీ నుంచి తిన్నగా డ్రాఫ్ట్‌కి. నిచ్చెనకి కింద మెట్టు, పై మెట్టు మాత్రమే ఉంటే ఎంత పొడుగు కాళ్ళున్నా అందదండీ.

రెండోది కాలం. ఆ 2015 జూన్‌లోనే, డ్రాఫ్ట్‌కి ఓ తొమ్మిది రోజుల ముందు, గోల్డెన్ స్టేట్ వాళ్ళు ఫైనల్స్ గెలిచారు. ఎలా గెలిచారు? పెద్ద సెంటర్‌ని బెంచి మీద కూచోబెట్టి, అంతకంటే పొట్టివాడైన ఇగ్వడాలని మొదటి అయిదుగురిలోకి తెచ్చి, పొట్టి జట్టుతో పరిగెత్తించి. అక్కడి నుంచి ఆట మొత్తం మారిపోయింది. బాస్కెట్ కింద కొండలా నిలబడి రీబౌండ్ తీసేవాడు చాలడు, స్క్రీన్ పెట్టి (తోటివాడి కోసం అడ్డు నిలబడి) మళ్ళీ వెనక్కి పరిగెత్తాలి, బయటికొచ్చి బంతి నడిపే చురుకైన గార్డుని ఆపాలి, వీలైతే మూడు పాయింట్ల షాట్ కూడా వెయ్యాలి. దాదాపు 130 కిలోల కుర్రాడు, చిన్నప్పట్నుంచి "నువ్వు పొడుగు, కింద నిలబడు చాలు" అని వింటూ పెరిగినవాడు, ఏం చేస్తాడు? నాకూ మా మాస్టారు అదే నేర్పారు. డ్రిబుల్ చేస్తే తిట్టేవారు. ఆ తిట్టు ఖరీదు నాకు ముప్ఫై ఏళ్ళ తర్వాత తెలిసింది.

మన దగ్గర ఆట అంటే ఉద్యోగం కోసం ఆడేది. రైల్వే, ఓఎన్‌జీసీ, బ్యాంకులు, సర్వీసెస్. ఉద్యోగం రాగానే సగం మంది పొట్ట పెంచేస్తారు, నేనూ పెంచాను, అబద్ధమెందుకు. బీచ్ దగ్గర సిమెంటు కోర్టులో ఆడి మోకాళ్ళు అరిగాయి, ఉప్పుగాలికి రింగులు తుప్పుపట్టి బంతి తగిలితే పొడి రాలేది. సాయంత్రం గాలి లేస్తే బయట్నుంచి షాట్ ఎటు పోతుందో తెలీదు, అందుకే ఎవడూ దూరం నుంచి వేసేవాడు కాదు. ఇండోర్ కోర్టు దొరకడం అంటే పెళ్ళికి వెళ్ళినంత సంబరం.

కాబట్టి నా మాట: కుర్రాడు ఫెయిల్ కాలేదు, వాణ్ణి తొందరగా పంపారు. రెండూ ఒకటి కాదు.

సిరిపురం_సుధ

పాత సెంటర్ గారికి నమస్కారం, కానీ అందరూ ఒక విషయం దాటేస్తున్నారు. 2019లో బెంగళూరు క్యాంప్‌లో పరీక్ష చేస్తే సత్నాం శాంపిల్‌లో హైజెనమిన్ అనే నిషేధిత పదార్థం దొరికింది. 2020 డిసెంబర్‌లో రెండేళ్ళ నిషేధం పడింది. 23, 24 ఏళ్ళు అంటే పెద్ద సెంటర్ అప్పుడప్పుడే ఆట పట్టుకునే వయసు. దాన్ని కూడా మధ్య మెట్టు లేదు, కాలం మారింది అని సర్దేద్దామా?

నేను ఫిజియోథెరపీ చేస్తాను, రోజూ ఆటగాళ్ళు వస్తుంటారు. హైజెనమిన్ అంటే సూదిమందు ఏం కాదు, కొన్ని మొక్కల్లో ఉంటుంది, బరువు తగ్గించే పొడుల్లో, వర్కౌట్ ముందు తాగే వాటిలో కలుస్తుంది, ఒక్కోసారి లేబుల్ మీద వేరే పేరుతో ఉంటుంది. ఆయన విషయంలో ఎలా వచ్చిందో నేను చెప్పలేను. కానీ డోపింగ్ రూలు చాలా మొండిది: నీ ఒంట్లో ఏముంటే దానికి నువ్వే బాధ్యుడివి. "నాకు తెలీదు" అంటే శిక్ష తగ్గచ్చేమో, తప్పు మాత్రం పోదు.

గాజువాక_గిరి

అదీ మాట. సుధ గారికి నా ఓటు. ఇంక కుస్తీ సంగతి ఎవరూ మాట్లాడరేం? అది ఆటా, నాటకమా?

పాత_సెంటర్

నాటకమే అనుకోండి, జీతం మాత్రం నిజం. నిషేధం కాలంలో ఇంట్లో కూచుని మంచం నేయాలా? 2022లో టీవీలో దిగాడు, ఏడడుగుల మనిషికి అక్కడ గిరాకీ ఉంది, వెళ్ళాడు. నేను బంతి వదిలి టికెట్ కౌంటర్లో కూచున్నప్పుడు ఎవరూ ఫెయిల్ అనలేదు, అక్షింతలు వేసి పెళ్ళి సంబంధాలు తెచ్చారు. అతను మారితే మాత్రం పతనం!

సుధమ్మా, నువ్వు చెప్పింది ఒప్పుకుంటాను. నిషేధం మచ్చే. కానీ ఎన్‌బీఏ తలుపు మూసుకుంది దానివల్ల కాదు. అతను టెక్సస్ వదిలి వచ్చేసింది 2017లో. ఆ మధ్యలో 2018 కామన్వెల్త్ క్రీడల్లో మన దేశానికి ఆడాడు, తర్వాత కెనడా లీగ్‌లో ఓ సీజన్ ఆడాడు. తేదీలు కలిపేసుకోకండి.

సిరిపురం_సుధ

తేదీల్లో ఓడిపోయాను సార్. కానీ అతని తర్వాత పరిస్థితి కాస్త మారింది కదా, 2017లో గ్రేటర్ నోయిడాలో ఎన్‌బీఏ అకాడమీ పెట్టారు. అక్కణ్ణుంచి వచ్చిన ప్రిన్స్‌పాల్ సింగ్ ఎన్‌బీఏ కింది లీగ్ అయిన జీ లీగ్‌లో ఇగ్నైట్ జట్టుకి ఆడాడు, 2021లో ఎన్‌బీఏ సమ్మర్ లీగ్ గెలిచిన శాక్రమెంటో జట్టులో ఉన్నాడు. మధ్య మెట్టు ఒకటి పడింది. అయినా అతనికీ ఎన్‌బీఏ మ్యాచ్ రాలేదు, అది వేరే విషయం.

ఎంవీపీ గారూ, మీ గుంటడు ఇప్పుడేమైనా పొడులు తాగుతున్నాడా? ముందు అది కనుక్కోండి.

ఎంవీపీ_సెక్టార్6

నిన్న రాత్రి ఇదంతా మా అక్కకి, బావగారికి చదివి వినిపించాను. బావగారు ఆ నిచ్చెన మెట్ల మాట దగ్గర నవ్వారు గానీ "తొందరగా పంపారు" అన్నచోట ఆగి, మళ్ళీ చదవమన్నారు. ఇంటర్ మానిపించేది లేదు, కానీ ఎంపీసీ సీటు ఆట ఆడనిచ్చే కాలేజీకి మార్చడం కుదురుతుందేమో చూస్తానన్నారు. అడ్వాన్స్ తిరిగి ఇవ్వరట, ఆ గొడవ ఇంకో పోస్టులో.

పాత సెంటర్ గారూ, మీరెక్కడ నేర్పుతారో మెసేజ్ చెయ్యండి, వీడికి డ్రిబుల్ అస్సలు రాదు.

సుధ గారూ, మీరడిగారని వాడి గది వెతికాం. బీరువా వెనకాల రెండు డబ్బాలు దొరికాయి. జిమ్‌లో ఎవరో అన్న ఇచ్చాడట, ఏంటో వాడికే తెలీదు. ఒకదాని మీద అక్షరాలు సగం చెరిగిపోయి ఉన్నాయి. రెండిటి ఫోటోలూ కింద పెడుతున్నాను, కాస్త చూసి చెప్పండి.