అప్‌డేట్: ఖర్జూరం మట్టలు ఎండటం, బయూద్ కాదు

హన్మకొండ దగ్గరి మా బర్హీ రకం ఖర్జూరం తోటలో ఒక చెట్టు మట్టలు పాలిపోయి ఎండుతుంటే, మొరాకో, అల్జీరియా తోటలను ఊడ్చేసిన బయూద్ తెగులేమోనని అడిగాను కదా. మీరన్నట్టే మట్టను అడ్డంగా కోసి చూశాం. బయూద్ అయితే లోపలి నాళాలు ఎర్రగోధుమ రంగులోకి మారాలి. పైన కూడా మట్టకు ఒక పక్క ఆకులే ముందు తెల్లబడి, కొస దాకా పోయి, తర్వాత రెండో పక్క కిందికి దిగుతుందట. మాది లోపల శుభ్రంగా ఉంది. బయూద్ తెచ్చే ఫ్యుజేరియం అనే శిలీంధ్రానికి మెజూల్, డెగ్లెట్ నూర్ ఖర్జూరం రకాలు తట్టుకోలేవని చదివి ఊరికే టెన్షన్ పడ్డాం. అసలు దొంగ కాండం మొదట్లో దొరికాడు: రంధ్రం, గోధుమరంగు జిగురు, నమిలి ఊసిన పీచు. ఎర్రముక్కు పురుగు! పురుగుల్ని వాసనతో రప్పించి పట్టే ఫెరోమోన్ బకెట్లు గట్టు మీద పెట్టాం. పురుగు వాటితో పాటు పోతుందేమోనని ఆ చెట్టు పిలకలు మాత్రం ఎవరడిగినా ఇవ్వం.